కొత్త సైనికుడి జేబులో మొదటి కత్తి: ఎంపిక నుంచి సాన పట్టేదాకా

సైన్యంలో కొత్తగా చేరినవాళ్లు చాలామంది మొదటి కత్తిని యుద్ధాన్ని ఊహించుకుని కొంటారు. జానెడు అలుగు (బ్లేడు), గునపంలాంటి మందం, నల్ల పూత, సగం మేర రంపపు పళ్లు. తీరా ఆ కత్తితో రోజూ చేసే పనులు చూస్తే తాడు ముక్క కోయడం, అట్టపెట్టె మీది టేపు చీల్చడం, ఆహారపు ప్యాకెట్టు తెరవడం, యూనిఫాం అంచున వేలాడే దారం తెంపడం, వదులైన స్క్రూ బిగించడం. వీటికి గునపం పనికిరాదు. పలుచటి అలుగున్న చిన్న కత్తి కావాలి.

సైన్యాలు ఈ సంగతి ఎప్పుడో గ్రహించాయి. స్విట్జర్లాండ్ సైన్యం 1890 నమూనాగా తెచ్చిన జేబుకత్తిలో ఉన్నవి నాలుగే: ఒక అలుగు, తోలుకు బెజ్జం పెట్టే ఆరె, డబ్బా మూత కోసే పనిముట్టు, స్క్రూడ్రైవరు. డబ్బాల్లో వచ్చే తిండి తెరుచుకోవాలి, రైఫిల్ విప్పి శుభ్రం చేసుకోవాలి, అందుకే ఆ చివరి రెండూ. అమెరికా సైన్యం దశాబ్దాలపాటు ఇచ్చిన ఉక్కు పిడి జేబుకత్తిలోనూ దాదాపు ఇవే. బ్రిటిష్ సైనికుల కత్తికైతే మొనే ఉండేది కాదు. సైనికుడి జేబుకత్తి అంటే మొదటి నుంచీ పనిముట్టే. ఆయుధం వేరే ఇస్తారు.

కొత్తగా చేరినవాళ్లకూ, వాళ్లకు కత్తి బహుమతిగా ఇవ్వాలనుకునే ఇంట్లోవాళ్లకూ ఈ మార్గదర్శి పనికొస్తుంది. వరస మార్చకుండా చదవండి. మొదటి అడుగు దాటేసి మూడోదానికి వెళ్లినవాళ్లే డబ్బు పోగొట్టుకుంటారు.

మొదటి అడుగు: ముందు నియమం, తర్వాతే కత్తి

ప్రాథమిక శిక్షణలో చాలాచోట్ల సొంత కత్తి ఉంచుకోనివ్వరు. తెచ్చుకుంటే తీసుకుని శిక్షణ ముగిసేదాకా తాళం వేసి ఉంచుతారు, లేదా ఇంటికి పంపించమంటారు. కాబట్టి చేరే రోజున సంచిలో పెట్టి పంపకండి. శిక్షణ ముగిసి యూనిట్‌కు వెళ్లాక ఇవ్వండి. అప్పుడు కూడా పై అధికారిని ఈ నాలుగు ప్రశ్నలూ విడివిడిగా అడగాలి.

1. అలుగు పొడవుకు హద్దు ఉందా? ఉంటే దాన్ని పిడి అంచు నుంచి కొలుస్తారా, పదును మొదలైన చోటు నుంచా? ఈ రెండు కొలతలకూ సెంటీమీటరు దాకా తేడా రావచ్చు.
2. లాకు పడే కత్తి ఉంచుకోవచ్చా? ఒంటిచేత్తో తెరుచుకునేది?
3. జేబు అంచున క్లిప్పు బయటికి కనిపించవచ్చా? యూనిఫాం నియమాల్లో చాలామంది చిక్కుకునేది ఇక్కడే.
4. ఎక్కడెక్కడ జేబులో ఉండకూడదు?

నాలుగో ప్రశ్నకు జవాబు మీరనుకున్న దానికన్నా పొడవుగా ఉంటుంది. విమానాలు నిలిపేచోట ప్రతి పనిముట్టునూ లెక్కపెడతారు, ఎందుకంటే జేబులోంచి జారిన చిన్న వస్తువు ఇంజిన్‌లోకి వెళ్తే ఇంజినే పాడవుతుంది. ఖైదీలను కాపలా కాసే విధుల్లో సొంత కత్తి అసలు పనికిరాదు.

శిబిరం గేటు దాటాక పౌర చట్టం మొదలవుతుంది. సైనికుడైనంత మాత్రాన అది సడలదు. బ్రిటన్‌లో కారణం చెప్పనక్కర్లేకుండా జేబులో పెట్టుకోగలిగేది లాకు లేని, అలుగంచు 7.62 సెంటీమీటర్లు దాటని మడత కత్తి మాత్రమే. జర్మనీలో ఒంటిచేత్తో తెరుచుకుని లాకయ్యే కత్తిని తగిన కారణం లేకుండా బయట మోయకూడదు. మీట నొక్కితే ఎగిరి తెరుచుకునే స్ప్రింగు కత్తులకు, రెండు పిడుల మధ్య తిరిగే సీతాకోకచిలుక కత్తులకు చాలా దేశాల్లో నిషేధమో, గట్టి ఆంక్షలో ఉన్నాయి. మొదటి కత్తికి ఆ రెండు రకాలనూ పూర్తిగా పక్కన పెట్టేయండి.

రెండో అడుగు: పనులు కాగితం మీద రాయండి

ఒక వారంపాటు కత్తి అవసరమైన ప్రతిసారీ ఒక మాట రాసుకోండి. ఇంకా చేరనివాళ్లు అదే యూనిట్‌లోని సీనియర్‌ను అడగవచ్చు. కాగితం మీద కోసే పనులకన్నా విప్పే, బిగించే, పట్టుకునే పనులు ఎక్కువ తేలితే మీకు కావలసింది కత్తి కాదు, కటింగ్‌ప్లేయరుతోపాటు చాలా పనిముట్లు కలిసున్న మల్టీటూలు. వాహనాల మరమ్మతు, సిగ్నల్స్, ఇంజనీరింగ్ విభాగాలవాళ్లకు ఎక్కువగా ఇదే తేలుతుంది. అయితే నిండు సైజు మల్టీటూళ్లు 200 గ్రాములు దాటుతాయి, జేబులో ఇటుకలా ఉంటాయి. నడుము బెల్టుకు వేలాడాలి. కోత పనులే ఎక్కువైతే 50 నుంచి 100 గ్రాముల మడత కత్తి చాలు. ఆ బరువులో ఉన్నది జేబులో ఉందన్న సంగతే మరిచిపోతారు, కాబట్టి ఎప్పుడూ వెంటే ఉంటుంది.

మూడో అడుగు: తెరిచాక అలుగును ఏది ఆపుతుంది?

ఇక్కడ తొందరపడకండి. మడత కత్తికి బలహీనమైన చోటు కీలే. వేళ్లు తెగేదీ అక్కడే.

లాకు లేని కత్తిలో వెన్నులో ఉన్న స్ప్రింగే అలుగును తెరిచిన స్థితిలో నిలుపుతుంది. పదును వైపు బలం పడినంతసేపూ బాగానే ఉంటుంది. అలుగు వెన్ను మీద బరువు పడినా, మొనతో పొడిచినా చటుక్కున మూసుకుని వేళ్ల మీద పడుతుంది. ఇది లోపమే, కాదనలేం. కానీ దీనితో అలవాటుపడ్డవాళ్లు కత్తిని కోతకే వాడతారు, పొడవరు, తవ్వరు. నియమాల ఇబ్బందీ తక్కువ. స్విస్ కంపెనీ విక్టోరినాక్స్‌లో అల్యూమినియం పిడి ఉన్న 93 మిల్లీమీటర్ల కత్తులు ఈ రకమే. 1961 నుంచి దాదాపు అర్ధ శతాబ్దం స్విస్ సైనికులకు ఇచ్చినది ఆ కొలతదే. 2008 నమూనాతో అది 111 మిల్లీమీటర్లకు పెరిగి, ఒంటిచేత్తో తెరుచుకుని లాకయ్యే అలుగుతో వచ్చింది.

బ్యాక్ లాక్‌లో పిడి వెన్నులో ఉన్న పట్టీ అలుగు మడమలోని (పిడి పక్కనుండే అలుగు మొదలులోని) గాడిలో పడి పట్టేస్తుంది. 1960ల నుంచి అమెరికన్ కంపెనీ బక్ చేసే 110 కత్తి దీనికి పేరు తెచ్చింది. మూసేటప్పుడు బొటనవేలు పిడి వెనక ఉంటుంది, అలుగు దారిలోకి రాదు. కానీ గాడిలో ఇసుకో బురదో చేరితే పట్టీ పూర్తిగా దిగదు. లాకు పడ్డట్టే కనిపిస్తుంది, బలం పెడితే ఊడుతుంది. బురదలో పాకిన రోజున గాడిని పుల్లతో గీకి చూడాలి.

లైనర్ లాక్‌లో పిడి లోపలి సన్నటి రేకు పక్కకు జరిగి అలుగు మడమ కింద అడ్డుపడుతుంది. ఆ రేకుకు బదులు పిడి పక్కభాగమే అడ్డుపడితే ఫ్రేమ్ లాక్. బజారులో ఇవే ఎక్కువ. కష్టమేమిటంటే మూయాలంటే బొటనవేలిని అలుగు దారిలోనే పెట్టి రేకును తొయ్యాలి. చలికి వేళ్లు మొద్దుబారినప్పుడు, మందపాటి గ్లవుసు వేసుకున్నప్పుడు ఇది ప్రమాదమే. రేకు మడమ వెడల్పులో పావు నుంచి సగం దాకా లోపలికి వచ్చి నిలవాలి. అంచును తాకీ తాకకుండా ఆగితే జారుతుంది. అవతలి పక్క దాకా వెళ్లిపోతే అప్పటికే అరిగిందన్నమాట.

క్రాస్‌బార్ లాక్‌లో పిడికి అడ్డంగా ఉన్న చిన్న ఉక్కు కడ్డీ, రెండు సన్నటి స్ప్రింగుల బలంతో అలుగు మీదికి వచ్చి పట్టేస్తుంది. రెండు వైపుల నుంచీ వెనక్కి లాగవచ్చు, కుడిచేతివాటం, ఎడమచేతివాటం అన్న తేడా లేదు, వేళ్లు అలుగు దారికి దూరంగానే ఉంటాయి. ఆ స్ప్రింగులు సన్నటి తీగలే కాబట్టి ఏళ్ల తరబడి వాడితే ఎప్పుడైనా ఒకటి విరగవచ్చు. రెండోది ఉన్నంతవరకు లాకు పని చేస్తూనే ఉంటుంది.

ఫ్రాన్స్‌లో తయారయ్యే ఓపినెల్ కత్తికి మెడ దగ్గర తిప్పే ఉక్కు ఉంగరమే లాకు, 1955 నుంచి ఉంది. చవక, తేలిక, కోత అద్భుతం. కానీ చెక్క పిడి తడిస్తే ఉబ్బి అలుగు తెరుచుకోవడానికి మొరాయిస్తుంది. రోజంతా వానలో ఉండేవాళ్లకు సరిపడదు.

మా సలహా ఇదీ. లాకు మీద ఆంక్ష ఉన్నా, సందేహంగా ఉన్నా, లాకు లేని నాలుగు పనిముట్ల కత్తి తీసుకోండి. లాకు పెట్టుకోవచ్చని స్పష్టంగా తెలిస్తే మొదటి కత్తికి క్రాస్‌బార్, అది దొరక్కపోతే బ్యాక్ లాక్. లైనర్ లాక్ చెడ్డదని కాదు, చేతికి ఇంకాస్త అలవాటయ్యాక కొనుక్కోవచ్చు.

నాలుగో అడుగు: అలుగు కొలతలు

పొడవు 6.5 నుంచి 8.5 సెంటీమీటర్లు. అంతకన్నా పొడవైన అలుగు పనికి అడ్డమే తప్ప అదనంగా చేసేదేమీ లేదు, పైగా పక్కవాళ్లు ఉలిక్కిపడతారు. వెన్ను దగ్గర మందం 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటే చాలు. అంతకన్నా ముఖ్యమైనది పదునుకు సరిగ్గా పైన ఉన్న మందం. అది అర మిల్లీమీటరు దగ్గర ఉంటే అట్టలోంచి జారుకుంటూ పోతుంది. ఒక మిల్లీమీటరుకు చేరిందంటే ఎంత సాన పట్టినా మేకులా దిగబడి ఇరుక్కుంటుంది. కొత్తది కదా ఎందుకు తెగడం లేదని అడిగేవాళ్ల చేతిలో చాలాసార్లు ఇలాంటి మందపు కత్తే ఉంటుంది. కొలిచే పరికరం లేకపోతే అలుగును మొన వైపు నుంచి కంటి ముందు పెట్టి చూడండి: వెన్ను నుంచి అంచు దాకా ఒకే వాలుగా సన్నబడాలి. సగం దాకా మందంగా వచ్చి చివర్లో ఒక్కసారిగా దిగితే వద్దు.

ఆకారంలో రెండు రకాలే చూడండి. వెన్ను మెల్లగా వాలి మొనకు దిగే డ్రాప్ పాయింట్ అన్ని పనులకూ సరిపోతుంది. పదును తిన్నగా ఉండి వెన్నే కిందికి వంగే షీప్స్‌ఫుట్‌కు గుచ్చుకునే మొన ఉండదు, తాళ్లు, పట్టీలు కోసేవాళ్లకు మంచిది. ఊగే ఓడ మీద నావికులు దాన్ని ఇష్టపడిందీ అందుకే. ఉలిలా మొన తిరిగిన ట్యాంటో అలుగు ఫొటోలో బాగుంటుంది, కానీ సాన పట్టేటప్పుడు రెండు అంచులను విడివిడిగా చూసుకోవాలి.

రంపపు పళ్ల విషయం. మందపాటి తాడును, సీటుబెల్టులాంటి పట్టీని పళ్లు బాగా పట్టి కోస్తాయి, నిజమే. కానీ సగం పళ్లు, సగం నున్నటి అంచు ఉన్న అలుగులో పళ్లు ఆక్రమించేది పిడి పక్కనున్న భాగాన్ని. చేతి బలం ఎక్కువగా పనిచేసేది సరిగ్గా అక్కడే. పైగా పళ్లను మామూలు రాయి మీద సాన పట్టలేం, కొస తేలిన సన్నటి కడ్డీతో ఒక్కో గాడినీ విడిగా రుద్దాలి. మొదటి కత్తికి నున్నటి అంచే తీసుకోండి. బాగా సాన పట్టిన నున్నటి అంచు తాడును కూడా కోస్తుంది.

ఉక్కు గురించి ఎంతైనా వాదించుకోవచ్చు, ఇక్కడ మాత్రం క్లుప్తంగా. చెమట, వాన, ఉప్పు గాలి తగిలే జేబుకు తుప్పు పట్టని ఉక్కే కావాలి. విక్టోరినాక్స్ వాడే ఉక్కు కాఠిన్యం రాక్‌వెల్ కొలతలో 56 దగ్గర ఉంటుంది. త్వరగా మొద్దుబారుతుంది, అంతే త్వరగా పదునెక్కుతుంది. సాన పట్టడం నేర్చుకునేవాళ్లకు అది వరమే. 14సి28ఎన్, విజి-10 లాంటి ఉక్కులు ఇంకాస్త ఎక్కువసేపు పదును నిలుపుతాయి. డి2 ఉక్కు చవగ్గా దొరుకుతుంది, పదునూ బాగా ఆగుతుంది. కానీ అందులోని క్రోమియం చాలావరకు కార్బన్‌తో కలిసి కార్బైడ్లుగా ఉండిపోవడం వల్ల చెమటకే మచ్చలు పడుతుంది. సముద్రం మీద పనిచేసేవాళ్లు ఉప్పునీటి తుప్పును బాగా తట్టుకునే హెచ్1, ఎల్‌సి200ఎన్ ఉక్కులను వెతుక్కోవచ్చు. డబ్బా మీద ఉక్కు పేరే రాయకుండా 'స్టెయిన్‌లెస్' అని వదిలేసిన కత్తిని కొనకండి.

ఐదో అడుగు: పిడి, రంగు, మోసే తీరు

నాలుగు వేళ్లూ పిడి మీద పూర్తిగా ఆనాలి. దుకాణంలో వట్టి చేత్తో చూసి సరిపెట్టుకోకండి. విధుల్లో వేసుకునే గ్లవుసే వేసుకుని తెరిచి మూసి చూడండి. గోటితో లాగి తెరిచే అలుగుకు గ్లవుసుతో చాలా అవస్థ పడాలి, అలుగుకు బెజ్జమో బొడిపో ఉంటే సుఖం. గరుకు నైలాను పిడులు, గాజునారతో చేసిన జి10 పిడులు తడిలో జారవు. నున్నటి అల్యూమినియం తడిస్తే జారుతుంది, గడ్డకట్టే చలిలో వేళ్లు కొరికేస్తుంది. పిడిని గట్టిగా పట్టుకుని ఒక నిమిషం నొక్కండి. క్లిప్పు అరచేతిలో ఎక్కడైనా గుచ్చుకుంటే అరగంట పని చేశాక అక్కడే బొబ్బ లేస్తుంది.

మెరిసే అలుగు బయట పనికిరాదంటారు, నిజానికి మూసి జేబులో ఉన్న కత్తి మెరవదు. తెరిచినప్పుడూ మెరవకూడదనుకుంటే రాళ్లతో దొర్లించి మసకబార్చిన అలుగు తీసుకోండి, గీతలు కూడా కనిపించవు. నల్ల పూత మొదట్లో బాగుంటుంది, అట్టలు కోసిన కొద్దీ చారలు చారలుగా లేచిపోతుంది. పిడి మాత్రం మరీ మట్టి రంగులో ఉంటే గడ్డిలో పడ్డ మరుక్షణం కనబడదు. దీనికి చక్కటి ఉపాయం ఉంది: పిడి మసక రంగులోదే తీసుకుని, తాడు బెజ్జానికి నాలుగు వేళ్ల పొడవున నారింజ రంగు దారం కట్టండి. అవసరమైనప్పుడు విప్పేయవచ్చు.

మొన పైకి ఉండేలా క్లిప్పు ఉన్న కత్తి జేబులో కొంచెం తెరుచుకుంటే, చెయ్యి పెట్టగానే వేలు తెగుతుంది. అందుకే దాన్ని అలుగు వెన్ను జేబు కుట్టుకు ఆనేలా, జేబు వెనక మూలలో పెట్టాలి. అప్పుడు తెరుచుకోవడానికి చోటుండదు. పాకడం, దొర్లడం ఉన్న రోజున క్లిప్పును నమ్మకండి. గుండీ పడే జేబులో వేయండి, బెల్టు లూపుకు తాడుతో కట్టండి. ఆ తాడు 60 సెంటీమీటర్లయినా ఉండాలి. పొట్టిగా ఉంటే చెయ్యి చాపలేక చివరికి ఆ తాడునే కోసేస్తారు. పారాకార్డ్ 550 అనే పారాచూట్ తాడు లోపల ఏడు సన్నటి పోగులుంటాయి, కత్తిని కట్టుకోవడానికి వాటిలో ఒకటి బయటికి లాగితే చాలు. తిరిగే యంత్రాల దగ్గర మాత్రం ఆ తాడు ఉండకూడదు.

ఆరో అడుగు: డబ్బు కట్టేముందు పది నిమిషాలు

వరసగా ఇలా చూడండి.

1. మూసిన కత్తిని తలకిందులుగా పట్టి మణికట్టుతో గట్టిగా ఊపండి. అలుగు బయటికి జారితే వద్దు.
2. అలుగు పిడి మధ్యలో ఉందా, ఒక పక్క రేకును రాసుకుంటోందా చూడండి. కొంచెం పక్కకు ఉండటం తప్పు కాదు, రాసుకోవడం తప్పు.
3. తెరిచి, అలుగు వెన్నును బొటనవేలు చూపుడువేలి మధ్య పట్టి పక్కలకు కదపండి. పక్కలకు ఊగితే ఇరుసు స్క్రూ బిగిస్తే పోతుంది. తర్వాత కిందికీ పైకీ కదపండి. ఇలా ఊగితే లాకులోనే లోపం, అది ఏ స్క్రూతోనూ పోదు.
4. లాకు పడ్డాక, వేళ్లన్నీ అలుగు దారి నుంచి పక్కకు తీసి, అరచేతులతో పిడి రెండు పక్కలనూ పట్టుకుని, వెన్నును బల్ల అంచుకు ఆనించి మెల్లగా నొక్కండి. కదలకూడదు. వెన్నుతో బల్లను దబదబా కొట్టే పరీక్ష చేయకండి, బాగున్న లాకును కూడా అది పాడు చేస్తుంది.
5. దీపం కింద అంచును కళ్లకు ఎదురుగా తిప్పి చూడండి. పదునైన అంచు వెలుగును తిప్పి కొట్టదు. తళుక్కున మెరిసిన చుక్క ఉంటే అక్కడ మొద్దుగానో, పెచ్చు లేచో ఉంది.
6. స్క్రూ తలలు చెదిరి ఉంటే ఎవరో అప్పటికే విప్పారు.

పేరున్న కంపెనీల కత్తులకు నకళ్లు విపరీతంగా వస్తాయి. మామూలు ధరలో సగానికే దొరికితే, అలుగు మీది అక్షరాలు అలుక్కుపోయినట్టుంటే అది నకలే అనుకోండి. నకలు కత్తిలో మొదట నష్టపోయేది ఉక్కు గట్టిదనం, తర్వాత లాకు. ఆ రెండూ బయటికి కనిపించవు.

ఏడో అడుగు: మొదటి వారం

అంచు పొడవునా రెండు పొరలు టేపు అంటించి, వంద సార్లు నెమ్మదిగా తెరిచి మూయండి. మూసే ప్రతిసారీ వేళ్లు ఎక్కడున్నాయో చూసుకోండి. ఝణఝణలాడిస్తూ తెరవడం మీద మోజు పుడుతుంది, అది శిబిరంలో మంచి పేరు తేదు.

తర్వాత టేపు తీసి కోయడం మొదలుపెట్టండి. కత్తి పట్టిన చెయ్యి నిండుగా చాపి చుట్టూ తిప్పితే వచ్చే వృత్తంలో ఎవరూ ఉండకూడదు. కూర్చుని కోసేటప్పుడు రెండు తొడల మధ్య, గజ్జల ముందు ఎప్పుడూ కోయకండి. తొడ లోపలి వైపు పెద్ద ధమని పోతుంది, అక్కడ తెగితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. మోకాళ్లకు బయటి వైపున కోయండి, లేదా మోచేతులు మోకాళ్ల మీద ఆనించి ముందుకు కోయండి. చేజారిన కత్తిని పట్టుకోబోకండి, కాళ్లు వెనక్కి తీసుకోండి. ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మూసే ఇవ్వండి.

తాడును గాల్లో లాగి పట్టి కోయడం కన్నా చెక్క మీద పెట్టి, అలుగులో పిడి దగ్గరి అంచును ఆనించి ఒకే లాగుడుతో మీ వైపు కాకుండా పక్కకు కోయడం మేలు. నైలాన్ తాడు కొసను వెంటనే నిప్పు సెగకు చూపి కరిగించండి, లేకపోతే విడిపోతుంది. ప్లాస్టిక్ టై తెంపేటప్పుడు దెబ్బలు ఎక్కువ తగులుతాయి, అది తెగిన క్షణంలో అలుగు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది కాబట్టి. అంచును మీ నుంచి, వైర్ల నుంచి బయటికి తిప్పి, టై కింద అలుగు దూర్చి, లాగకుండా మెలితిప్పండి.

అలుగుతో మూతలు పెకలించకండి. మొన పలుచగా ఉండేది కోయడానికే, పక్క బలానికి ముందు విరిగేదీ అదే. పెకలించే పనికి కత్తిలోని స్క్రూడ్రైవరు వాడండి. కరెంటు ఉన్న తీగ జోలికి అసలు పోవద్దు, పిడి ప్లాస్టిక్‌దే అయినా ఇరుసు, రేకులు, క్లిప్పు లోహమే.

తెగితే శుభ్రమైన గుడ్డతో నేరుగా గాయం మీద నొక్కి, మధ్యలో తీసి చూడకుండా పది నిమిషాలు పట్టుకోండి. ఆగకపోయినా, వేలు వంచలేకపోయినా, తిమ్మిరిగా ఉన్నా వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. నరమో, కండను ఎముకకు కలిపే పోగో తెగి ఉండవచ్చు.

ఎనిమిదో అడుగు: సాన పట్టడం

మొద్దుబారిన కత్తికి ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుంది, ఎక్కువ బలం పెట్టినప్పుడే చెయ్యి జారుతుంది. కొన్న నెలలోపే సాన నేర్చుకోండి. 1000 గ్రిట్ రాయి ఒకటి చాలు (గ్రిట్ అంటే రాయి గరుకు కొలత, అంకె తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ). బాగా పాడైన అంచుకు 400.

కోణం ఒక్కో వైపు 20 డిగ్రీలు. దాన్ని కంటితో ఊహించక్కర్లేదు, కొలిచి పెట్టవచ్చు. అలుగు వెడల్పును 0.34తో గుణిస్తే రాయి మీద వెన్ను ఎంత ఎత్తులో ఉండాలో తెలుస్తుంది. 14 మిల్లీమీటర్ల వెడల్పుకు సుమారు 4.8 మిల్లీమీటర్లు, 18కి 6.1, 25కి 8.5. ఆ మందంలో నాణేలు పేర్చి, వాటి మీద వెన్ను ఆనించి ఒకసారి చూసుకుంటే చేతికి అందుతుంది.

రాయిని తడిపి, జారకుండా తడిగుడ్డ మీద పెట్టండి. ఒకే వైపును, మడమ నుంచి మొన దాకా, రాయి మీద పలుచటి పొర చెక్కుతున్నట్టు తొయ్యండి. మొన దగ్గర పిడిని కాస్త పైకి లేపాలి, లేకపోతే వంపు తిరిగిన చోటికి పదును రాదు. పది పదిహేను సార్లయ్యాక అవతలి వైపు వెన్ను నుంచి అంచు వైపుకు వేలు జార్చి చూడండి, సన్నటి గరుకు అంచు తగలాలి. అది మడమ నుంచి మొన దాకా ఎక్కడా తెగకుండా తగిలేదాకా రెండో వైపుకు తిప్పకండి. కొత్తవాళ్లు విఫలమయ్యేది ఇక్కడే: గరుకు రాకముందే తిప్పేస్తారు, గంటసేపు రుద్దినా అంచు కలవదు. ఎక్కడ రాయి తాకుతోందో తెలియకపోతే అంచు మీద మార్కర్ పెన్నుతో రంగు పూయండి. రంగు పైనే చెరిగితే కోణం తక్కువైంది, చివరి అంచులోనే చెరిగితే ఎక్కువైంది.

రెండో వైపూ గరుకు వచ్చాక బలం సగానికి తగ్గించి ఒక్కో వైపు ఒక్కోసారి, పది సార్లు. చివరికి పాత తోలుబెల్టు లోపలి వైపు మీద, పదును వెనక ఉండేలా, ఒక్కో వైపు ఇరవై సార్లు లాగండి. కాగితాన్ని గాల్లో పట్టి కోసి చూడండి. చిరగకుండా, గరగరలాడకుండా జారాలి. చప్పుడు మారిన చోటల్లా ఇంకా పని మిగిలి ఉంది.

శుభ్రత

వేడి నీళ్లలో కొంచెం గిన్నెల సబ్బు వేసి, అందులోనే కత్తిని పదిసార్లు తెరిచి మూస్తే కీలులో ఇసుక వదులుతుంది. శుభ్రమైన నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాక ఇరుసు మీద ఒకే ఒక చుక్క నూనె. ఎక్కువ పోస్తే దుమ్మును పిలిచి కూర్చోబెట్టుకున్నట్టే. తిండి కోసే కత్తి కాబట్టి రంగూ వాసనా లేని, తిండికి తగిలినా హాని చేయని మినరల్ ఆయిల్ వాడండి. వంటనూనె వద్దు, కొన్నాళ్లకు బంకలా గట్టిపడుతుంది. ఉప్పునీరు తగిలితే అదే రోజు మంచినీళ్లతో కడగాలి.

క్లిప్పు స్క్రూలు మొదటి రెండు నెలల్లో వదులవుతాయి. చాలా కత్తులకు నక్షత్రం ఆకారపు కొస ఉన్న టి6, టి8 టార్క్స్ బిట్లు సరిపోతాయి. స్క్రూ విప్పి, మర మీద నీలం రంగు బిగింపు జిగురు ఒక చిన్న చుక్క పెట్టి మళ్లీ బిగించండి. ఎరుపుది పెట్టకండి, వేడి చేస్తే తప్ప మళ్లీ రాదు.

బహుమతిగా ఇచ్చేవాళ్లు కత్తితోపాటు ఒక చిన్న సంచిలో ఆ రెండు బిట్లు, అరచేతిలో పట్టే సిరామిక్ కడ్డీ, చిన్న నూనె సీసా పెట్టి ఇవ్వండి. కొన్న రసీదు మాత్రం ఇంట్లోనే ఉంచండి. లాకు లోపం తేలితే వారంటీకి అడిగేది దాన్నే. సెలవు మీద విమానంలో వచ్చేటప్పుడు కత్తిని ముందు రోజు రాత్రే జేబులోంచి తీసి, చెకిన్‌లో వేసే పెట్టెలో గుడ్డ చుట్టి పెట్టమని చెప్పండి. చాలా కత్తులు పోయేది గడ్డిలో కాదు, విమానాశ్రయం తనిఖీ దగ్గర.